రుజువు మాస్టారి పదిహేను నిమిషాలు

రుజువు మాస్టారికి ఉన్న వింత అలవాటు ఒక్కటే: ఎవరు మంచి కబురు చెప్పినా నమ్మేవారు కారు. చెడు కబురైతే అయ్యో అని వెంటనే ఒప్పుకునేవారు. మంచి కబురు వింటే మాత్రం కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "ఎవరు చూశారు?" అని అడిగేవారు.

మేనకోడలు పుట్టిందని ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు కూడా ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే. బిడ్డ మూడు కిలోలుందని నర్సు చెబితే, బడి ప్రయోగశాలలోని పెద్ద స్ప్రింగు త్రాసు సంచిలో వేసుకుని వెళ్లారు. బిడ్డను తువ్వాలులో చుట్టి తూచి, తువ్వాలు బరువు తీసేసి, రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములని తేల్చారు. "పుట్టగానే నా కూతుర్ని వంద గ్రాములు తగ్గించేశాడు మా అన్నయ్య," అని చెల్లెలు ఈనాటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఆ బిడ్డే ఇప్పుడు పెద్దదై, ఆయన గదిలో ఎదురు బల్ల దగ్గర కూర్చుని పత్రిక పేజీలు కూరుస్తోంది. ఒకే సంఘం నడిపే బడులు ఏడు ఉన్నాయి. ఒక బడిలో ఎవరు ఏం సాధించినా మిగతా ఆరు బడులకూ తెలియాలని సంఘం నెలనెలా ఒక పత్రిక వేస్తుంది. దాని పేరు 'ఏడు బడుల కబురు'. భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మాస్టారు దానికి సంపాదకులు. మంచి కబుర్లు తప్ప మరేమీ ఉండని పత్రికకు, మంచి కబురంటే నమ్మని మనిషిని ఏ ఉద్దేశంతో సంపాదకుణ్ణి చేశారో సంఘంలో ఎవరికీ గుర్తులేదు.

ఒకసారి మూడో బడి హెడ్మాస్టరు ఫోను చేశారు.

"మాస్టారూ, మా ఆరో తరగతివాడు బడితోటలో తొమ్మిది కిలోల గుమ్మడికాయ పండించాడండీ. ఫొటో కూడా పంపాను."

"ఫొటోకి బరువుండదండీ. ఎవరు తూచారు?"

"నేనే, స్వయంగా."

"మీ బడి కాయ మీకు బరువుగానే ఉంటుంది. రేపు వస్తాను."

కాయ ఎనిమిది కిలోల ఆరు వందలు తూగింది. హెడ్మాస్టరు ముఖం చిన్నబోయింది. "కోసేటప్పుడు తొడిమ విరిగిందండీ. అదీ కాయలో భాగమే కదా?" అన్నారు. న్యాయమైన వాదనేనని మాస్టారు ఒప్పుకున్నారు. చెత్తబుట్ట బోర్లించి తొడిమ వెతికించి, దాన్నీ తూచారు. ఆ నెల పత్రికలో 'తొడిమతో కలిపి ఎనిమిది కిలోల ఆరు వందల ఎనభై గ్రాములు' అని పడింది. పండించిన కుర్రాడు ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాడు. హెడ్మాస్టరు మాత్రం ఆరు నెలలు మాట్లాడలేదు.

ఇంతటితో ఆగినా బాగుండేది. మాస్టారికి ఇంకొక నిబంధన ఉంది: సాక్షి బడి మనిషి కాకూడదు, పిల్లల ఇంటి మనిషే కావాలి. బిడ్డ ఆ పనిని మళ్లీ చేసి చూపాలి, తల్లో తండ్రో కళ్లారా చూడాలి, చూసినది 'మీ కళ్లతో ఏం చూశారు?' అనే ప్రశ్న కింద నాలుగు గీతల్లో రాసి సంతకం పెట్టాలి. అప్పుడే వార్త అచ్చుకు వెళుతుంది.

"పిల్లలమీద పక్షపాతం ఎక్కువ ఉండేది తల్లిదండ్రులకే కదండీ?" అని ఐదో బడి హెడ్మిస్ట్రెస్ ఒకసారి సూటిగా అడిగింది.

"ఉంటుందమ్మా. ఉన్నా నాకు వాళ్లే కావాలి," అన్నారాయన, వాదన అక్కడితో ముగిసినట్టు.

పైగా ఈ పరీక్షకు ఆయన ఎంచుకునే చోటూ వేళా వినేవారికి మతి పోగొట్టేవి. పాటల పోటీలో నెగ్గిన పిల్లను ఆసుపత్రి లాండ్రీకి తీసుకువెళ్లి, తిరుగుతున్న యంత్రాల మధ్య, దుప్పట్లు మడతపెడుతున్న తల్లి ఎదుట పాడించారు. మూలకాల పట్టికంతా అప్పజెప్పగల పిల్లవాడి చేత బస్సు డిపోలో, డ్రైవరైన తండ్రికి రెండు ట్రిప్పుల నడుమ దొరికిన విరామంలో అప్పజెప్పించారు. హైడ్రోజన్ దగ్గర మొదలుపెట్టిన పిల్లవాడు వెండి దాకా వచ్చేసరికి కండక్టర్లందరూ చుట్టూ చేరారట.

"ఆదివారం పూట ఇంటికెళ్తే పోదా మామయ్యా?" అని మేనకోడలు విసుక్కునేది.

"ఆదివారం సాక్ష్యం చెల్లదే. సెలవు రోజున మనిషి మెత్తబడి ఉంటాడు."

ఇన్ని ప్రయాణాలు చేస్తే పత్రిక వేళకు రాదు. ఏప్రిల్ కబుర్లు జూన్‌లో వచ్చేవి. పరుగుపందెంలో నెగ్గిన పిల్ల గెలుపు అచ్చయ్యేసరికి ఆ పిల్ల పైబడికి వెళ్లిపోయేది. ఫిర్యాదులు పెరిగి పెరిగి చివరికి సంఘం కార్యదర్శి బల్లమీదికి చేరాయి. ఆవిడ పనిమంతురాలు, మాటలో పొదుపరి. ఒక సోమవారం మేనకోడల్ని పిలిచింది.

"కూర్చోమ్మా. ఇకమీద బడులే కబుర్లు ఫోన్లో పంపుతాయి, మనం ఆ నెలలోనే వేసేస్తాం. అలా చేద్దామని అందరూ అంటున్నారు. అప్పుడు రుజువులుండవు. రుజువులు లేకపోతే మీ మామయ్యకి పనీ ఉండదు. ఊరికే తీసెయ్యడం నాకిష్టం లేదు. తొమ్మిదేళ్ల కాగితాలు తిరగేసి, ఈ రుజువుల వల్ల ఏం ఒరిగిందో శుక్రవారం సమావేశంలో చెప్పు. మామయ్య అని చూడకు."

"చూడనండీ," అంది మేనకోడలు. ఎవరి దగ్గర పెరిగిందో ఆ మనిషి కోసం కూడా లెక్క తప్పు చెప్పలేని పిల్ల. ఆ పెంపకమే ఇప్పుడు ఆమెకు అడ్డం వచ్చింది.

మూడు రోజులు అటకమీది కట్టలన్నీ దించింది. మొత్తం వార్తలు పదకొండు వందల నలభై. తప్పని తేలినవి నాలుగంటే నాలుగు. నాలుగు తప్పుల కోసం తొమ్మిదేళ్ల తిరుగుడు! ఈ లెక్క ఎవరి ముందు పెట్టినా రుజువులు అక్కర్లేదనే అంటారు. మధ్యాహ్నం ఉండబట్టలేక ఆయనకే చెప్పేసింది.

"నాలుగే మామయ్యా."

"నాలుగున్నర. గుమ్మడికాయని సగం కింద వెయ్యి."

"నవ్వులాట కాదు. ఈ లెక్క చెప్తే నీ పని పోతుంది."

"లెక్క సరిగ్గానే ఉందిగా? ఉన్నది ఉన్నట్టు చెప్పు." ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "రేపు పన్నెండుంపావుకి ఒక రుజువుంది. సంచి బరువుగా ఉంటోంది ఈమధ్య. తోడొస్తావా?"

రుజువు ఐదో బడి పిల్లది. ఏడు బడుల ఆటల పోటీల్లో ఆగకుండా మూడు వందల పన్నెండు సార్లు తాడు గెంతి మొదటి బహుమతి గెలిచింది. వయసు పదేళ్లు. రెండు జడలు, చేతిలో చుట్టిన తాడు. బస్సు దిగి ముగ్గురూ నడిచి వెళ్లింది పిల్ల తండ్రి పనిచేసే చోటికి, ఇరవై అంతస్తుల భవనం లేస్తున్న స్థలానికి. గేటు దగ్గర మూడు పసుపుపచ్చ హెల్మెట్లు ఇచ్చారు. పిల్లది పెట్టుకున్నది ముక్కు దాకా జారింది.

సైట్ ఇంజినీరు మాస్టారు ఇచ్చిన ఉత్తరం అందుకుని చదివాడు. 'ధ్రువీకరణ నిమిత్తం ఈ క్రింది వ్యక్తి సమక్షం తప్పనిసరి. వ్యవధి పదిహేను నిమిషాలు.' కింద మూడు రబ్బరు ముద్రలు, ఒకదాని మీద ఒకటి పడకుండా.

"ఇన్ని ముద్రలుంటే కాదనలేం సార్. కానీ ఆయన క్రేన్ ఆపరేటరండీ. అదిగో, ఆ పైన ఉన్న గదిలో కూర్చుంటాడు. పొద్దున ఎక్కితే సాయంత్రమే దిగేది. అన్నం కూడా తాడు కట్టి పైకి లాక్కుంటాడు."

"దిగక్కర్లేదు. అక్కణ్ణుంచి ఈ ఖాళీ జాగా కనిపిస్తుందా?"

"కనిపించకేం? మొత్తం ఊరే కనిపిస్తుంది."

"మరింకేం."

ఇంజినీరు వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని సంగతి చెప్పాడు. పైనుంచి ఆదుర్దాగా గొంతు వినిపించింది.

"బడివాళ్లా? మా అమ్మాయి ఏం చేసింది సార్?"

మాస్టారు వాకీటాకీ అందుకున్నారు. "ఏదో చేసిందంటున్నారు. నేను నమ్మలేదు. మీరే చూసి చెప్పాలి."

భోజనాల వేళ కావడంతో పనివాళ్లు డబ్బాలు పట్టుకుని గేటు పక్క చుట్టూ చేరారు. పిల్ల హెల్మెట్ వెనక్కి నెట్టుకుని, ఒకసారి తలెత్తి ఆకాశంలోకి చూసి, మొదలుపెట్టింది. ఇరవై దాటేసరికి ఎవరో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. వంద దాటేసరికి అందరూ గొంతు కలిపారు. నూట నలభై దగ్గర తాడు కాలికి రాసుకుంది, కానీ ఆగలేదు. తాపీమేస్త్రీ ఒకడు అన్నం ముద్ద చేత్తో పట్టుకునే రెండు వందల యాభై దాకా ఉండిపోయాడు. రెండు వందల ఎనభై ఏడు దగ్గర తాడు చిక్కుకుంది.

పిల్ల ముఖం ఎర్రబడింది. "మాస్టారూ, మొన్న మూడొందల పన్నెండు ఆడాను. నిజంగా!"

"మొన్న మీ నాన్న లేడుగా," అన్నారు మాస్టారు.

ఆమాట అన్న తీరుకు మేనకోడలు ఆయనవైపు తిరిగి చూసింది.

వాకీటాకీ గరగరమంది. "రెండొందల ఎనభై ఏడు! నేను లెక్కపెట్టాను. ఒక్కటి తగ్గించి రాసినా నేనొప్పుకోను!" ఆ తరువాత, అనుమతి లేకుండా, క్రేన్ హారన్ పొడుగ్గా మోగింది. ఇంజినీరు హారన్ విననట్టు చేతిలోని కాగితాలు తిరగేయసాగాడు. "ఏం పెడుతున్నావన్నా పిల్లకి? మా వాళ్లకీ పెడతాం!" అని కిందనుంచి ఒకడు అరిచాడు. సాక్ష్యపత్రం అన్నం సంచిలో పైకి వెళ్లి, పది నిమిషాలకు సంతకంతో దిగివచ్చింది.

పిల్లను బడిలో దింపి తిరిగి వస్తుంటే బస్సులో మేనకోడలు అడిగింది.

"బహుమతుల సభ పొద్దున పదకొండింటికి పెడతారు. ఆ వేళకి ఈయన క్రేన్ మీద, లాండ్రీ ఆవిడ లాండ్రీలో. తొమ్మిదేళ్లుగా నువ్వు తిరిగింది తప్పులు పట్టడానికి కాదన్నమాట. ఆ మాట ఎవరితోనైనా చెప్పొచ్చుగా మామయ్యా?"

"ఎవరితో? ఇంజినీరుతోనా? 'బిడ్డ ఆట చూసుకోవాలి, పని ఆపండి' అంటే ఆపుతాడా? ధ్రువీకరణ అంటే ఆపుతాడు."

"ఇంట్లో అయితే ఎవర్నీ అడిగే పనే లేదుగా?"

"ఇంట్లో సాక్షి ఒక్కడే ఉంటాడు. ఇక్కడ నలభైమంది. సాక్ష్యం బలంగా ఉంటుంది." ఆయన కిటికీవైపు తిరిగారు. ఆ కిటికీ అవతల ఒక గోడ తప్ప ఏమీ లేదు.

శుక్రవారం సమావేశానికి ఏడుగురు ప్రధానోపాధ్యాయులూ వచ్చారు. మాస్టారు చివరి కుర్చీలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మేనకోడలు లేచి చదివింది: "తొమ్మిదేళ్లలో పదకొండు వందల నలభై వార్తలు. తప్పని తేలినవి నాలుగు. తప్పులు పట్టడం కోసమే అయితే ఈ రుజువులు అక్కర్లేదు."

మూడో బడి హెడ్మాస్టరు హాయిగా వెనక్కి వాలారు.

"ఇది సగం," అంది మేనకోడలు, సాక్ష్యపత్రాల లావుపాటి కట్ట కార్యదర్శి ముందు పెడుతూ. "మిగతా సగం వీటిలో ఉంది. ఇవి రాసినవాళ్లలో నూటికి తొంభైమంది ఏ బహుమతుల సభకీ రాలేదు. హాజరు పట్టీలతో సరిచూశాను."

కార్యదర్శి పై కాగితం తీసి చదివింది. 'మీ కళ్లతో ఏం చూశారు?' అన్న ప్రశ్న కింద క్రేన్ ఆపరేటరు వంకర అక్షరాలతో రాశాడు: 'పైనుంచి మా అమ్మాయి అగ్గిపుల్లంత కనబడింది. తాడు కనబడలేదు. గెంతడం కనబడింది. కింద అందరూ నా కూతుర్నే చూస్తున్నారు.' లాండ్రీ తల్లి రాసింది: 'యంత్రాల మోతలో సగం పాట వినబడలేదు. మా సూపర్‌వైజరు మిషన్లు ఆపించి మళ్లీ పాడించింది.' డ్రైవరు రాసింది ఒక్క ముక్కే: 'నాకు ఒక్క పేరూ తెలియదు. అన్నీ కరెక్టే అయ్యుంటాయి.'

ఒక్కటి చదివి పక్కన పెడదామనుకున్న మనిషి పన్నెండు చదివింది. పదమూడోది చేతిలోనే ఉండగా తలెత్తింది.

"మాస్టారూ, మూడేళ్ల కిందట ఇలాంటి ఉత్తరం నాకూ ఇచ్చారు. మా అబ్బాయి చదరంగంలో గెలిచినప్పుడు."

"ఇచ్చానండీ. నేనూ అబ్బాయీ మీ గది బయట బల్లమీద కూర్చున్నాం."

"ఆరోజు నాకు ఖాళీ లేక, 'బాగా ఆడాడు' అని రాసి సంతకం పెట్టి, అటెండరు చేత బయటికి పంపాను."

"అవునండీ. అప్పటికి అబ్బాయి ఇంకా పావులు సర్దుతున్నాడు."

"ఆ వార్త పత్రికలో రాలేదు."

"మొదలవని ఆట బాగా ఆడాడని ఎలా వేస్తామండీ?"



"కొట్టేశారా ఆ వార్తని?" అని అడిగింది కార్యదర్శి నెమ్మదిగా.

"కొట్టెయ్యలేదండీ. పరిశీలనలో ఉంది."

ఆవిడ ఫోన్లో వచ్చిన కబుర్లు వేసే ప్రతిపాదన ఉన్న దస్త్రం మూసి, పక్కకు జరిపింది. "పత్రిక ఆలస్యమైతే అవనివ్వండి. రుజువులు సాగుతాయి," అంది. ఆపైన గొంతు తగ్గించింది. "సోమవారం పదకొండింటికి నేను ఇక్కడే ఉంటాను. అబ్బాయిని ఒప్పించే పూచీ నాది."

మాస్టారు సంచి తెరిచారు. ఉత్తరం తీసి, తేదీ వేసి, నింపి, మూడు ముద్రలూ ఓపిగ్గా కొట్టి, ఆరేదాకా ఊది, బల్లమీదుగా ఆవిడ ముందుకు జరిపారు.

"ఇది మీ పై అధికారికి చూపించండి."

"నాకు పైన ఎవరూ లేరు కదా మాస్టారూ."

"అయితే మీరే చదువుకుని, మీకు మీరే సెలవిచ్చుకోండమ్మా."