పగటిపూట ఎవరూ లేని ఇల్లు

గద్వాల డిపోలో పద్మజ కండక్టరుగా చేరి చాలా ఏళ్లయింది. పొద్దుటి సర్వీసు పడిందంటే చీకటితోనే లేచి వంట చేసి, పిల్లలిద్దరికీ డబ్బాలు కట్టి, యూనిఫాం తొడుక్కుని నడకమీదే డిపోకు పోయేది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైన దగ్గర్నుంచి వనపర్తి బస్సులో కాలు పెట్టడానికి సందుండదు. ఎర్రవల్లి చౌరస్తా దాటేదాకా ఆడవాళ్లకు డబ్బుల్లేని జీరో టికెట్లు కొడుతూ, లోపలికి జరగమని అరుస్తూ, ఇంటికి వచ్చేసరికి ఆమె గొంతు గొంతులా ఉండేది కాదు.

భర్త ప్రేమ్ కుమార్ విత్తన పత్తికి ఆర్గనైజరు. కంపెనీ విత్తనాన్ని రైతులకిచ్చి పంట చేయించే పని. పత్తి పూతకొచ్చి చేలల్లో పువ్వు పువ్వుకూ పుప్పొడి అంటించే క్రాసింగ్ మొదలైతే అతను ఇంట్లో అన్నం తినేది కూడా తక్కువే. కొడుకు చరణ్ ఇంటర్, కూతురు సుమన ఎనిమిదో తరగతి. ఇద్దరూ పొద్దున పోతే ట్యూషన్లు కూడా ముగించుకుని దీపాలు పెట్టే వేళకే రావడం. పగలంతా ఆ ఇంటికి తాళమే.

అలాంటి ఇంటికి కుక్కను తేవాలన్న ఆలోచన ప్రేమ్ కుమార్‌కు ఇంకో ఆర్గనైజరు ఇంటికి భోజనానికి పోయి వచ్చాక పుట్టింది. వాళ్ల గేటు దగ్గర నడుమెత్తు కుక్క నిలబడి ఉందట. అది చూసి వచ్చినవాళ్లంతా వెనక్కి వెనక్కి జరిగారట.

ఆదివారం మధ్యాహ్నం తండ్రీ పిల్లలూ ఫోను చుట్టూ చేరారు. చరణ్‌కు నీలికళ్ల హస్కీ కావాలి. సుమనకు తెల్లటి బొచ్చు కుక్క కావాలి, ఒళ్లో పెట్టుకునేది. ప్రేమ్ కుమార్‌కు మాత్రం చూడగానే భయపడేది కావాలి.

"ఏ జాతి తెద్దామని మూడు గంటల నుంచి చూస్తున్నరు. దాన్ని ఎవరు చూస్తరన్నది ఒక్కలన్నా అనుకున్నరా?" అంది పద్మజ బియ్యం ఏరుతూ.

"అందరం చూస్తం. కుక్కకేం ఉంటది, రెండు పూటల ఇంత పెడితే ఐపాయె," అన్నాడు ప్రేమ్ కుమార్.

"అంతగా కావాల్నంటే వీపనగండ్లకు పోయి మా అమ్మను అడుగుత. ఆ ఊర్ల కుక్కలు పిల్లలు పెట్టినయి. ఎండకు తట్టుకుంటయి, ఏదుంటే అది తింటయి. వీధిల నాలుగు ఇండ్లు తిరుగుతయి, ఒక్కటే ఉన్నమన్న బెంగ ఉండదు."

"ఊరకుక్కను తెచ్చి గేటు కాడ కడితే నలుగురు నవ్వుతరు," అన్నాడతను. పిల్లలు కూడా నవ్వారు. చివరికి జర్మన్ షెపర్డ్ అని తేలింది. అది చరణ్‌కు వీరుడిలా కనిపించింది, పిల్లప్పుడు సుమన ఒళ్లో పడుతుంది, పెద్దయ్యాక తండ్రి గేటు దగ్గర నిలబడుతుంది. పద్మజకు ఏం కావాలో ఎవరూ అడగలేదు.

వనపర్తిలో ఇర్ఫాన్ అనే అతను కుక్కపిల్లలు అమ్ముతాడు. నలుగురూ కలిసి పోయారు. అతను పిల్లను చేతికివ్వకుండా ముందు ఒక మాట అడిగాడు.

"అన్నా, పగటిపూట ఇంట్ల ఎవరుంటరు? ఈ జాతికి మనిషి కావాలె. రోజూ గంటసేపు ఉరికించాలె, ఏదన్న పని చెప్పాలె. ఒక్కదాన్ని ఇడిసి పోయేటట్లయితే వద్దు, ముందే చెప్తున్న."

"మా ఇంట్ల ఎప్పటికి మనుషులే. మా అమ్మ ఉంటది," అన్నాడు ప్రేమ్ కుమార్.

అతని తల్లి పోయి అప్పటికి ఎన్నో ఏళ్లు. పద్మజ భర్త ముఖం కేసి చూసింది. పిల్లలూ చూశారు, కానీ సుమన అప్పటికే కుక్కపిల్లను చేతుల్లోకి తీసుకుని చెంపకు ఆనించుకుంది. పద్మజ నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఇర్ఫాన్ ఇంకేమీ అడగలేదు.

దానికి బ్రూనో అని పేరు పెట్టారు. మొదట్లో ఇల్లంతా పండగే. చరణ్ దాన్ని ఫోటోలు తీసి స్నేహితులకు పంపేవాడు. సుమన తన దుప్పటి ఇచ్చేసింది. వానకాలం వచ్చి క్రాసింగ్ మొదలయ్యేసరికి కుక్క మోకాలి దాటి పెరిగింది, ఇంట్లో వాళ్ల సరదా తగ్గింది. చరణ్‌కు పరీక్షలు. సుమనకు దాని వాసన పడటం లేదు. ప్రేమ్ కుమార్ చేలల్లో ఉంటాడు.

పద్మజ మిగిలింది. ఇంకాస్త ముందే లేచి బ్రూనోను జమ్ములమ్మ గుడి వైపు రోడ్డు మీద తిప్పుకొచ్చేది. మొదట విసుక్కుంటూనే పోయింది. తర్వాత తర్వాత ఆ నడక కోసమే లేచేది. దినమంతా జనం మధ్య ఒరుసుకుంటూ నిలబడే మనిషికి, ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేని తోడు దొరికింది. అది నాలుగడుగులు ముందుకు పోయి, ఆగి, ఆమె వస్తున్నదా లేదా అని తిరిగి చూసి, మళ్లీ పోయేది. తన కోసం అలా ఆగి చూసినవాళ్లు ఈ మధ్య ఎవరైనా ఉన్నారా అని ఆమె ఒకసారి అనుకుంది కూడా.

కానీ ఆ నడక తర్వాత పొద్దుగూకే దాకా గేటు లోపల గొలుసే. బ్రూనో తులసి కుండీ తవ్వేసింది. ఆరేసిన బట్టలు లాగి చింపింది. చింపడానికి ఏమీ దొరకనప్పుడు తన ముందుకాలినే నాకి నాకి పుండు చేసుకుంది. అరిచేది, పగలంతా అరిచేది.

పక్కింటి మున్నీబీ ఒక సాయంత్రం వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. ఆమె భర్త షరీఫ్‌కు గుండె జబ్బు. కర్నూలు దవాఖాన నుంచి వచ్చి మంచం మీద ఉన్నాడు.

"నీ మీద కోపంతోని రాలేదు బేటీ. ఆయనకు కన్ను మూతపడుతలేదు. అది అరుస్తుందని మీరనుకుంటుండ్రు. అది అరుసుడు కాదు, ఏడుసుడు. నేను గోడ ఇవతలికెళ్లి పిలిస్తే జర సేపు ఊకుంటది, మల్ల మొదలు పెడతది."

పద్మజ డిపోలో తన డ్యూటీ మార్చమని అడిగింది. మనుషులు తక్కువున్నారు, కుదరదన్నారు. కుక్క కోసమని చెప్తే అక్కడున్నవాళ్లు నవ్వారు. భర్తను మధ్యాహ్నం ఒక్కసారి ఇంటికి వచ్చి పొమ్మంది.

"సీజన్ల నన్ను కుక్క కాడ కూసోమంటవా?" అన్నాడతను.

"మరి తెచ్చింది నువ్వే కద."

"పిల్లలు అడిగిండ్రని తెచ్చిన."

అతను చేసిందల్లా ఒక్కటే. బట్టలు అందకుండా గొలుసు పొట్టిది చేశాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం సుమన ఒంటిపూట బడి నుంచి వచ్చింది. ఎప్పుడో గాని అనిపించని ప్రేమ ఆ రోజు అనిపించింది. బ్రూనో నీళ్ల గిన్నె బోర్లా పడి ఉంది. నీళ్లు పోసి, గొలుసు విప్పుదామని మెడపట్టా పట్టుకుంది. పట్టా కింద ఒరుసుకుపోయి పచ్చిపుండు ఉందని ఆమెకు తెలియదు. వేలు తగలగానే అది తిరిగి చేతిని కరిచేసింది.

మున్నీబీ పరుగెత్తుకొచ్చి, చేతికి తువ్వాలు చుట్టి, ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. ఫోన్ వచ్చేసరికి పద్మజ పెబ్బేరులో ఉంది. బస్సు నిండా జనం. దిగి వెనక్కి పోవడానికి లేదు. ఒక చేత్తో టికెట్ మిషన్, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని వనపర్తి దాకా టికెట్లు కొట్టింది. చిల్లర ఆలస్యమైందని ఒకతను కసిరితే, చిల్లర లెక్కపెట్టి అతని చేతిలో పెట్టింది. వనపర్తిలో కంట్రోలర్ కాళ్లావేళ్లా పడి వేరే కండక్టరుకు బ్యాగు అప్పగించి వచ్చేసరికి కుట్లు వేయడం అయిపోయింది.

"నేనే ముట్టుకున్ననమ్మా. దానికి నొప్పైంది," అంది సుమన అప్పుడు.

ఆ మాట ప్రేమ్ కుమార్ వినిపించుకోలేదు. "జాతే మంచిది కాదు. ఇంట్ల పెట్టుకునే కుక్క కాదది," అన్నాడు. ఆ వారంలోనే, పద్మజ డ్యూటీలో ఉండగా, బ్రూనోను కారెక్కించి ఉప్పునుంతలలో కోళ్ల షెడ్డు ఉన్న వెంకట్రాములు అనే రైతుకు ఇచ్చి వచ్చాడు. పద్మజ ఇల్లు చేరేసరికి గేటు దగ్గర కడిగిన బండలు మాత్రం తడిగా ఉన్నాయి.

"నాకొక మాట చెప్పాలె కద," అంది.

"చెప్తే ఇయ్యనిస్తవా? ఆడ చేను, గాలి, వెలుతురు, అంత మంచిగుంటది. పిల్ల చేతికన్న అది ఎక్కువనా నీకు?"

పద్మజ తడి బండలు దాటుకుని లోపలికి పోయింది. 

సెలవు దొరికిన రోజు ఎవరికీ చెప్పకుండా బయల్దేరింది. నాగర్‌కర్నూల్‌లో బస్సు మారి, ఉప్పునుంతలలో దిగి, అడుగుతూ అడుగుతూ కోళ్ల షెడ్డుకు పోయింది. బ్రూనో షెడ్డు వెనక, రేకు నీడలో, గుంజకు కట్టేసి ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఒళ్లంతా కోళ్ల దుమ్ము. ఆమెను చూసి అరవలేదు. లేచి నిలబడి ఒళ్లంతా వణికింది. దగ్గరికి పోయి కూర్చోగానే తల తెచ్చి ఆమె చంకలో దూర్చింది.

వెంకట్రాములు చెడ్డవాడేమీ కాదు. చాయ తెప్పించాడు.

"ఏం జేయాలె తల్లీ. ఇడిసిపెడితే కోళ్ల మీద పడ్డది. కట్టేస్తే ఇట్లున్నది. మీ సారు కాపలాకు మస్తు పనికొస్తదని చెప్పి ఇచ్చిపోయిండు."

"జర సేపు తిప్పుకొస్త," అంది పద్మజ.

గొలుసు విప్పి చేను గట్టు మీద నడిచింది. బ్రూనో ముందుకు పోలేదు. ఆమె కాలికి ఒరుసుకుంటూ పక్కనే నడిచింది. గట్టు చివర ఇద్దరూ కూర్చున్నారు. దీన్ని తీసుకుపోతే ఎక్కడ పెట్టాలన్నది ఆమె నడుస్తున్నంతసేపూ ఆలోచించింది. వీపనగండ్లలో తల్లికి ఈ మధ్య కాలు విరిగింది. ఇంట్లో మళ్లీ అదే గేటు, అదే గొలుసు, చేతికి ఇంకా కట్టు విప్పని కూతురు. ఉద్యోగం మానేస్తే అన్న ఆలోచన కూడా వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకే సిగ్గు వేసింది, దాన్ని తోసేసినందుకు మరింత సిగ్గు వేసింది.

వెనక్కి వచ్చి గుంజ దగ్గర వంగి తన చేత్తోనే గొలుసు తగిలించింది. బ్రూనో మెడ వంచి ఇచ్చింది. పెనుగులాడి ఉంటే, ఒక్కసారి కరిచి ఉంటే తనకు తేలికయ్యేదని ఆమెకు అనిపించింది.

వెంకట్రాములు బాట దాకా వచ్చాడు. "ఒక మాటంటా, ఏమనుకోకు. మల్ల రాకు తల్లీ. నువ్వొచ్చి పోతే అది ఇంక కొన్ని దినాలు ముద్ద ముట్టది."

ఆమె మళ్లీ పోలేదు. దసరా తర్వాత ఎప్పుడో బ్రూనో చచ్చిపోయిందని వెంకట్రాములు ఫోన్ చేశాడట. ఆ సంగతి ప్రేమ్ కుమార్ అన్నం తింటూ, ఎరువుల కరువు గురించి చెప్తూ మధ్యలో చెప్పాడు.

ఆ నెలలోనే అతను ఒక అట్టపెట్టెతో వచ్చాడు. లోపల మడతల ముఖం పగ్ పిల్ల. పిల్లలిద్దరూ గేటు దగ్గరే చుట్టుముట్టారు.

"ఈసారి అంత కనుక్కొని తెచ్చిన. డ్యూటీలకు పోయేటోళ్ల ఇంటికి ఇదే సరిపోయే జాతంట. ఉరికిచ్చే పని లేదు, అరవదు, కరవదు," అన్నాడు.

పద్మజ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "లోపలికి తేకు. ఎక్కడికెళ్లి తెచ్చినవో ఆడనే ఇచ్చి రా."

"ఏమైంది నీకు? చిన్న కుక్క ఇది."

"చిన్నదైతే పగలంత ఎవరన్న కావాల్నని అనిపియ్యదా దానికి? నువ్వు సీడు పత్తి మానవు, నేను డ్యూటీ మాన, పిల్లలు బడి మానరు. ఇంట్ల మనిషి లేనప్పుడు ఏ జాతైతే ఏంది?"

"అసలు నీకు కుక్కలంటేనే పడదు. మొదటి నుంచి ఎడ్డెమంటే తెడ్డెమే. బ్రూనోను గూడ నువ్వు సక్కగ చూసుకోకనే గట్లైంది."

ఆ మాట అతను గేటు అవతల వీధికి వినిపించేలా అన్నాడు. పద్మజ గుమ్మం వదలలేదు. చివరికి అతను పెట్టె మళ్లీ కారులో పెట్టుకుని పోయాడు. సుమన ఏడుస్తూ మంచం మీద పడింది. చరణ్ రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. అటు తర్వాత బంధువుల్లో, వీధిలో ఆ మాటే నిలిచింది. పద్మజది రాతి గుండె, నోరులేని జీవాన్ని కూడా ఇంట్లో ఉండనివ్వదు. నిజం తెలిసింది మున్నీబీ ఒక్కతెకే. ఆమె ఈ మధ్యే షరీఫ్ చనిపోయిన దుఃఖంలో ఉంది, వీధి మాటలు పట్టించుకునే స్థితిలో లేదు.

కొన్నాళ్లకు సుమన జడ వేయించుకుంటూ అడిగింది. "అమ్మా, నీకు కుక్కలంటే ఎందుకంత కోపం?"

పద్మజ చేతులు ఆగాయి. "ఎవరు చెప్పిండ్రు?"

"అందరికి తెలుసు కద. నాయిన గూడ అన్నడు, నువ్వు ఒప్పుకుంటే రేపే ఇంకోటి తెస్తడంట."

చెప్పడానికి చాలా ఉంది. గుడి దారి ఉంది, చేను గట్టు ఉంది, వంచిన మెడ ఉంది. చెప్తే పిల్లకు అర్థమవుతుంది కూడా. అర్థమయ్యాక, అమ్మకు కుక్కలంటే ఇష్టమేనట అని తండ్రి దగ్గరకు పరుగెత్తుతుంది. అప్పుడు ఇంకో పెట్టె వస్తుంది.

"అవును, నాకు పడవు. మనింటికి ఇంక ఏ కుక్కా రాదు. సక్కగ కూసో, జడ వంకర పోతుంది," అని పద్మజ దువ్వెన తీసుకుంది.