విజయక్క దిద్దిన పేజీ

ప్రింటరులోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా చేతికి తగిలితే చాలు, నాకు విజయక్క గుర్తొస్తుంది. తడ దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగాలకు వచ్చే రెజ్యూమెలు చూసే పని నాది. ఈ ఉదయం కూడా ఒక కట్ట ప్రింటు తీశాను. అన్నీ ఒకే తీరు. పైన పేరు, దాని కింద ఫోను నంబరు, ఆ వెంటనే ఇదివరకు చేసిన పని, ఆ తర్వాతే చదువు, చుట్టూ బోలెడంత తెల్లటి జాగా. చూడముచ్చటగా ఉన్నాయి. నాకు మాత్రం ఒళ్లు మండింది.

సూళ్లూరుపేట స్టేషను దగ్గర విజయక్కకు జిరాక్సు కొట్టు ఉండేది. చెన్నై బండి దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ అక్కడ ఆగేవాళ్లు. మావైపు ఒక అలవాటు. ఉద్యోగం వచ్చిన వాళ్లెవరిదో రెజ్యూమె పెన్‌డ్రైవులో తెచ్చి, "పేరు మార్చి ఇయ్యక్కా" అనేవాళ్లం. కలిసొచ్చిన కాగితమని నమ్మకం. పూల బార్డరు, ఎర్రటి అక్షరాలు, పాటలు వినడమనే హాబీ, అన్నీ అట్లాగే ఊళ్లన్నీ తిరిగేవి. ఒకసారి ఒకతను ఇంటి దగ్గరే పేరు మార్చుకుని తెచ్చాడు. అది చూసి విజయక్క పకపకా నవ్వింది. "ఏం నాయనా, మీ ఫ్రెండు వాళ్ల నాయన్ని గూడా కాపీ కొట్టినావా?" పాపం, తండ్రి పేరు మార్చడం మరిచిపోయాడు. అక్కడే ఉన్న నాకూ నవ్వు ఆగలేదు.

నేనూ మా పెదనాన్న కూతురి రెజ్యూమె పట్టుకునే వెళ్లాను. మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఊరు. డిగ్రీ అయ్యాక రొయ్యల ప్లాంటులో తలలు తీసే పనికి చేరి, ఒక షిఫ్టు ఆడవాళ్లందరికీ సూపర్‌వైజర్‌నయ్యాను. ఆ సంగతి కాగితంలో లేదు. విజయక్క కూపీ లాగి లాగి చెప్పించింది.

"అది రాయొద్దక్కా. రొయ్యల వాసనొస్తుందనుకుంటారు," అన్నాను.

"ఏమ్మే, అంతమందితో పని చేయించినావే, అది పని గాదా? పాటలు వినేదానికి జీతమిస్తారా నీకు? చదివేవాళ్లకి ఓపికుండదు. చేసింది ముందు పెట్టు, సింగారం తీసెయ్."

బార్డరంతా చెరిపేసి, ప్లాంటు పనిని పైకెక్కించి, పేజీ మొత్తం ఆమే దిద్దింది. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది ఆ పని గురించే. ఈ ఉద్యోగం అట్లా వచ్చింది.

తర్వాత అందరూ ఫోనులోనే రెజ్యూమెలు చేసుకోవడం మొదలుపెట్టారు. కొట్టు వెలవెలబోయింది. వాళ్లింటికి ఆ కొట్టే ఆధారం. మా ఆఫీసులో కాగితాలు తయారుచేసే పని ఖాళీ ఉందని తెలిసి, విజయక్క తన రెజ్యూమె తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకు ఇబ్బందైతే వద్దులేమ్మే," అంది. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

మా మేనేజరు ఆ పేజీని చాలాసేపు చూశాడు.

"ఎవరు చేశారమ్మా ఇది? ఎంత శుభ్రంగా ఉంది!"

"ఆమే సార్. ఆమె పనే ఇది." నాకు ప్రాణం లేచొచ్చింది.

"కానీ డిగ్రీ లేదే. వయసు కూడా దాటింది. కష్టమమ్మా."

"మీరు మెచ్చుకున్న పనే కదా సార్, మనకు కావలసింది?"

"రూల్సమ్మా, నేనేం చేయను? అన్నట్టు, ఆమె వివరాలు తీసేసి ఈ నమూనా మన వెబ్‌సైటులో పెట్టించు. అందరూ ఇట్లాగే పంపాలి."

నేను పెట్టించనన్నాను. ఆయనే వేరేవాళ్లతో పెట్టించాడు.

సాయంత్రం కొట్టుకెళ్లి జరిగిందంతా చెప్పాను. విజయక్క కంప్యూటరు మీద దుమ్ము తుడుస్తూ విన్నది.

"అయితే పేజీ నచ్చిందంటావు?"

"బాగా నచ్చిందక్కా."

"మరి నేను?"

నెల తిరక్కుండానే ఆమె కొట్టు మూసేసి, బతుకుతెరువు వెతుక్కుంటూ గూడూరు వెళ్లిపోయింది.

ఇప్పుడెవరైనా కాగితం బాగుందంటే, "ముందు మనిషిని పిలవండి సార్," అంటాను. నోటిదురుసుదని ఆఫీసులో పేరొచ్చింది. రానీ. మా ఊళ్లవాళ్లు పేరు మార్చి కాగితం వాడుకుంటే విజయక్కా నేనూ పడీపడీ నవ్వాం. కంపెనీ చేసిందీ అదే. ఆమె పేరు చెరిపేసిన చోట ఈ ఉదయం కూడా ఎవరెవరి పేర్లో ఉన్నాయి. వాటిని చదవడమే నా ఉద్యోగం.