ఆల్బర్టాలో పన్ను తక్కువ

పక్కింటాయన చలికాలం ముంచుకొస్తోందని మంచు తోసే యంత్రాన్ని గరాజ్‌లోంచి బయటికి లాగి, దాని ఇనుప భాగాలకు నూనె పూస్తున్నాడు. వంటింటి కిటికీ కొంచెం తెరిచి ఉంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నా ఆ వాసనను దాటుకుని నూనె వాసన లోపలికి వచ్చింది. చల్లటి ఇనుము, పల్చటి నూనె, తుడిచీ తుడిచీ నల్లబడిన గుడ్డ. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. టొరంటో పక్కనున్న ఏజాక్స్‌కు ఉత్తరాన, కోతలైపోయిన మొక్కజొన్న చేల మధ్య రోడ్డు వారగా ఉండే ఒక చిన్న తుపాకుల దుకాణం గుర్తొచ్చింది. అక్కడ కౌంటర్ వెనక ఎత్తు కుర్చీలో కూర్చుని, ఒళ్లో తువ్వాలు పరుచుకుని, పక్షుల వేట తుపాకీ గొట్టాన్ని ఓపిగ్గా తుడుస్తుండే విశ్వనాథం గారు గుర్తొచ్చారు.

తెలుగువాడు కెనడాలో తుపాకులు అమ్మడమేమిటని ఈ సంగతి విన్నవాళ్లందరూ అడుగుతారు. విశ్వనాథం గారు కొత్తగూడెం బొగ్గు గనుల్లో ఇంజినీరుగా చేసి, వయసులో ఉండగానే ఇక్కడి ఉత్తర ప్రాంతపు గనులకు వచ్చినవారు. అక్కడ చలికాలం ఆరేడు నెలలు. షిఫ్టు అయ్యాక వేటకు వెళ్లడమో, తాగడమో తప్ప మరో పని ఉండదట. తాగుడు పడక వేట నేర్చుకున్నారు. ఆయన భార్య లక్ష్మి గారు ఆ మాంసాన్ని ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. గరాజ్‌లో వేరే పొయ్యి, వేరే గిన్నెలు. రిటైరయ్యాక ఒక స్నేహితుడి దుకాణం కొనుక్కుని టొరంటో వైపు వచ్చారు. నేను ఆయనను ఎరిగేనాటికి లక్ష్మి గారు లేరు. పిల్లలు లేరు. గరాజ్‌లో పొయ్యి మాత్రం ఉండేది.

నేను చదువుకోవడానికి వచ్చిన ఏడు విమానం నిండా నాలాంటి పిల్లలే. ఏజాక్స్‌లో ఒక బేస్‌మెంట్‌లో నలుగురు అమ్మాయిలం ఉండేవాళ్లం. స్కార్‌బరోలో కాలేజీ. రెండు బస్సులు మారి వెళ్లడం, రెండు బస్సులు మారి రావడం. ఎక్కడ పార్ట్‌టైమ్ పని ఉందన్నా మా కన్నా ముందే అక్కడ వరుస కట్టి ఉండేవారు. నలుగురం ఒకే ఇంట్లో ఉన్నా పనివేళలు వేరు కావడంతో ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే తక్కువ. సింకులో కడగని గ్లాసు కనిపిస్తే, ఓహో, ఎవరో వచ్చి వెళ్లారనుకునేదాన్ని. అమ్మకు రోజూ వీడియో కాల్ చేసి అంతా బాగుందని చెప్పేదాన్ని. అలాంటప్పుడు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. వెబ్‌సైట్ చేయగలిగిన స్టూడెంట్ కావాలి, దుకాణం వేట సామాన్లది, భయపడనివాళ్లు ఫోన్ చేయండి. నేను భయపడుతూనే ఫోన్ చేశాను.

ఆ దుకాణం దాకా బస్సు వెళ్లదు. చివరి స్టాపులో దిగితే ఆయనే పాత పికప్ ట్రక్కులో వచ్చి తీసుకెళ్లేవారు. మొదటిరోజే చెప్పారు, "తుపాకుల్ని ముట్టుకోకు తల్లీ. నీకు లైసెన్స్ లేదు. కంప్యూటర్, బూట్లు, గ్లవ్స్, ఆ వైపంతా నీది. ఈ వైపు నాది." మధ్యాహ్నం ఇద్దరం పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ తినేవాళ్లం. చుట్టూ గోడలకు దుప్పి కొమ్ములు.

వెబ్‌సైట్ కావాలని ఆయన అనుకోవడానికి కారణం ఉంది. జనం దుకాణానికి వచ్చి తుపాకీ చేతిలోకి తీసుకుని, బరువు చూసి, భుజానికి ఆనించి చూసి, ఆయనను పదిరకాలుగా ప్రశ్నలడిగి, ఆ తర్వాత ఫోన్ బయటికి తీసేవారు. ఆన్‌లైన్‌లో ఇంకా చౌకగా ఉందనేవారు. ఒకరోజు ఒక కుర్రాడు అన్నాడు, "ఆల్బర్టా దుకాణం నుంచి తెప్పించుకుంటాను. అక్కడ అయిదు శాతమే పన్ను. ఇక్కడ మీరు పదమూడు వేస్తారు."

విశ్వనాథం గారికి కోపం రాలేదు. "ధర తక్కువైతే తప్పకుండా తెప్పించుకో. పన్ను మాత్రం తగ్గదు. సామాను ఏ రాష్ట్రానికి చేరుతుందో ఆ రాష్ట్రం పన్ను పడుతుంది. నువ్వు ఒంటారియోలో తలుపు తీసి అందుకుంటావు కాబట్టి పదమూడే. కొరియర్ ఖర్చు కూడా లెక్క వేసుకుని చూసుకో," అన్నారు. ఆ కుర్రాడు నమ్మలేదు. థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు.

"మనం కూడా ఆన్‌లైన్‌లో పెట్టేస్తే అయిపోతుంది కదా అంకుల్," అన్నాను.

"పెడదాం. అందుకేగా నిన్ను పిలిచింది. కానీ కొనేవాడి మొహం చూడకుండా తుపాకీ అమ్మడం నాకు అలవాటు లేదమ్మా."

"లైసెన్స్ నంబర్ చెక్ చేశాకే కదా పంపేది. చట్టం కూడా ఒప్పుకుంటుంది."

"లైసెన్స్ ఎప్పుడో ఇచ్చింది. మనిషి ఇవాళ ఎలా ఉన్నాడో అందులో ఉండదు కదా."

పాతకాలపు మనిషి, ఇలాగే మాట్లాడతారనుకున్నాను. బూట్లూ కోట్లూ టోపీలూ సైట్‌లో పెట్టేశాను. తుపాకుల పేజీ మాత్రం తయారై కూడా ఆయన సరేననక అలాగే ఆగిపోయింది.

బ్రూస్ వచ్చింది మార్చి నెలలో. మంచు కరిగి రోడ్డు వారన మురికినీళ్లు నిలిచిన రోజులు. ఆయన రిటైరైన అకౌంటెంట్. దుకాణం పన్నుల లెక్కలు ఏళ్లుగా ఆయనే చూసేవాడు. ఒకప్పుడు భార్య హెలెన్‌తో కలిసి బాతుల వేటకు వెళ్లేవాడు. చూపు మందగించాక తుపాకులు అమ్మేశాడు గానీ లైసెన్స్ మాత్రం గడువు దాటనిచ్చేవాడు కాదు. హెలెన్ జనవరిలో పోయింది. అంత్యక్రియలకు విశ్వనాథం గారు వెళ్లి వచ్చారని నాకు తెలుసు.

ఎప్పుడు వచ్చినా ముందు నన్ను పలకరించి, చదువెలా సాగుతోందని అడిగే మనిషి ఆ రోజు నా వైపు చూడలేదు. కౌంటర్ దగ్గరికి వెళ్లి గోడ మీదున్న ఒక షాట్‌గన్ చూపించి అది కావాలన్నాడు. చేతిలోకి తీసుకోలేదు. ఏమీ అడగలేదు.

"సీజన్ అయిపోయిందిగా బ్రూస్. ఇప్పుడెందుకు?" అన్నారు విశ్వనాథం గారు.

"ఉంచుకుందామని."

"ఇవాళ వద్దులే. కూర్చో, కాఫీ తాగుదాం."

"అమ్మనంటావా?"

"ఇవాళ అమ్మను."

బ్రూస్ కాసేపు గాజు బల్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడూ నున్నగా ఉండే గడ్డం పెరిగి ఉంది. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. "సరే. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాను. ఆల్బర్టాలో పన్ను కూడా తక్కువ," అని వెళ్లిపోయాడు. తలుపు గంట మోగి ఆగింది.

నేను మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగాను. బేరం పోయిందనుకున్నాను, అంతే. విశ్వనాథం గారు మాత్రం చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని కిటికీలోంచి ఆ కారు వెళ్లినవైపే చూస్తున్నారు. అటే చూస్తూ అన్నారు, "సామాను చేరిన చోటి పన్ను పడుతుందని నాకు నేర్పిందే అతను. తెలియక అన్న మాట కాదమ్మా అది. ఏదో ఒకటి చెప్పి ఇక్కణ్ణించి బయటపడాలని అన్నాడు."

ఆయన పోలీసులకు ఫోన్ చేస్తారేమో అనుకున్నాను. ఆయన మాత్రం కోటు వేసుకుని తలుపు మీద బోర్డు తిప్పేశారు. "నువ్వూ రా. నేనొక్కణ్ణే వెళ్తే తలుపు తియ్యడు. నిన్ను చూస్తే మర్యాదకైనా తీస్తాడు."

దారిలో ఆయన చెప్పింది నేను మర్చిపోలేదు. లక్ష్మి గారు పోయిన మొదటి చలికాలం, ఇంట్లో తుపాకులున్న బీరువా ముందు ఊరికే కూర్చుని ఉండేవారట. ఒకరోజు తన మీద తనకే భయం వేసి, ఆ బీరువా తాళం చెవి తీసుకెళ్లి బ్రూస్‌కు ఇచ్చేశారు. "ఎందుకని అడగలేదమ్మా. తన ఆఫీసు లాకర్‌లో పెట్టుకున్నాడు. వేసవి దాకా తిరిగి అడగొద్దన్నాడు. రోజూ సాయంత్రం వచ్చి పేకాట ఆడి వెళ్లేవాడు. అతనికి పేకాట రాదు. ఓడిపోవడానికే వచ్చేవాడు." అంతకుమించి చెప్పలేదు. ఇన్నాళ్లూ ఈయనతో కలిసి పెరుగన్నం తింటూ, ఆయన సాయంత్రాలు ఎలా గడుస్తాయని ఒక్కసారైనా అడగలేదు కదా అనుకున్నాను.

బ్రూస్ తలుపు తీశాడు. ఇల్లు చాలా శుభ్రంగా ఉంది. భోజనాల బల్ల మీద కాగితాలన్నీ కట్టలు కట్టి, ఒక్కో కట్ట మీద కూతురి పేరు రాసి ఉంచాడు. విశ్వనాథం గారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. వాతావరణం గురించి మాట్లాడలేదు, హెలెన్ గురించీ మాట్లాడలేదు. తిన్నగా అడిగారు, "బ్రూస్, చచ్చిపోవాలనుకుంటున్నావా?"

ఇలా మొహం మీద అడిగేస్తారా, లేని ఆలోచన పుట్టించినట్టు కాదా అని నాకు అనిపించింది. బ్రూస్ భుజాలు మాత్రం, ఎంతోసేపటినుంచి మోస్తున్న బరువు కిందపెట్టినట్టు, వాలిపోయాయి. "ఆర్డర్ పెట్టేశాను విష్," అన్నాడు. విశ్వనాథం గారిని ఇక్కడివాళ్లు విష్ అనేవారు. "గురువారం వస్తుందన్నారు."

"గురువారం నేనూ ఇక్కడే ఉంటాను. అప్పటిదాకా కూడా ఉంటాను."

ఉన్నారు. దుకాణం మూసేసి ఆ ఇంట్లోనే సోఫా మీద పడుకున్నారు. హాలిఫాక్స్‌లో ఉన్న కూతురికి బ్రూస్ చేతే ఫోన్ చేయించారు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆల్బర్టా దుకాణానికి ఫోన్ చేస్తే అవతలి మనిషి మారుమాట లేకుండా వెనక్కి తీసుకుంటామన్నాడు, పెట్టె మాత్రం అప్పటికే దారిలో ఉంది. గురువారం క్లాసు మానేసి నేనూ వెళ్లాను. కొరియర్ వచ్చి, బ్రూస్ సంతకం కావాలన్నాడు. కలం చేతికిచ్చాడు. బ్రూస్ ఆ పొడుగాటి పెట్టె వైపు చూశాడు. విశ్వనాథం గారు ఆయన వెనకే నిలబడ్డారు గానీ నోరు మెదపలేదు. "వద్దు. తిప్పి పంపేయండి," అన్నాడు బ్రూస్. కొరియర్ అలాంటివి ఎన్నో చూసినట్టు పెట్టె మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి కూతురు దిగింది.

బ్రూస్ ఆమెతో వెళ్లి వేసవిలో తిరిగి వచ్చాడు. ఆ తర్వాత శుక్రవారాలు దుకాణంలో కూర్చునేవాడు. పేకాట అప్పటికీ సరిగ్గా రాదు.

తుపాకుల పేజీ కూడా చివరికి తెరిచాం. విశ్వనాథం గారు ఒకటే షరతు పెట్టారు. లైసెన్స్ చూశాక, పెట్టె కట్టేముందు, కొన్నవాళ్లకు తానే ఫోన్ చేస్తారు. అది చూసి కొందరు ఆర్డర్ రద్దు చేసుకున్నారు. ఇంకొందరు విసుక్కున్నారు. కానీ చాలామంది ఫోన్ పెట్టేవారు కాదు. ఎక్కడో ఉత్తరాన సరస్సు ఒడ్డున ఒంటరిగా ఉండే ముసలివాళ్లు తమ కుక్క గురించి, మంచు గురించి, మోకాళ్ల గురించి చెబుతూ ఉండేవారు. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, ఊఁ కొడుతూ వినేవారు. వాళ్ల కోసమే చేస్తున్నారని మొదట్లో అనుకునేదాన్ని. ఫోన్ పెట్టేశాక ఆయన మొహం చూస్తే, తన కోసం కూడానని తెలిసేది.

చదువైపోయి, బ్రాంప్టన్‌లో ఉద్యోగం దొరికి నేను ఆ వైపు వెళ్లడం తగ్గింది. ఆదివారాలు ఫోన్ చేసేవారు. "తిన్నావా" అని కాదు, "ఈ వారం ఎవరితో కూర్చుని మాట్లాడావు?" అని అడిగేవారు. ఎవరితోనూ లేదని చెప్పిన వారం మాత్రం ఫోన్ తొందరగా పెట్టేవారు కాదు. గుండె బలహీనపడ్డాక దుకాణం అమ్మేశారు. పోయిన సంగతి బ్రూస్ ఫోన్ చేసి చెప్పాడు. అంత్యక్రియల్లో గనుల నాటి స్నేహితులు ఇద్దరు, ఎర్ర టోపీల వేటగాళ్లు కొందరు, బ్రూస్, నేను. మంత్రాలు చదివిన పంతులు గారూ నేనూ తప్ప తెలుగు మాట్లాడేవాళ్లు మరెవరూ లేరు.

ఇప్పుడు నేను మళ్లీ ఏజాక్స్‌లోనే ఉంటున్నాను. మా బేస్‌మెంట్‌లో చదువుకునే అమ్మాయిలుంటారు. వాళ్లలో శ్రావ్య ఇప్పుడు బ్రాంప్టన్‌లో తన అన్నగారింట్లో ఉంటోంది, కోలుకుంటోంది. రాస్తానంటే రాయమంది కాబట్టే ఇది రాస్తున్నాను. పోయిన శీతాకాలం మొదట్లో ఆ అమ్మాయి తన మంచి కోటు రూమ్మేట్‌కు ఇచ్చేసింది. తర్వాత రైస్ కుక్కర్ ఇచ్చేసింది. కాలేజీకి వెళ్లడం మానేసింది. అడిగితే నవ్వి, అంతా బాగుందక్కా అంది. ఆ మాట వినగానే నాకు బాగా అనిపించలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కిందికి వెళ్లాను. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. తిన్నావా అన్నాను, ఒంట్లో బాగుందా అన్నాను, అమ్మావాళ్లు ఎలా ఉన్నారన్నాను. మన భాషలో ఇలాంటి ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. అన్నిటికీ తలూపింది. అసలు అడగాల్సింది ఇంగ్లీషులో అయితే నోటికి సులువుగా వచ్చేదేమో. తెలుగులో అది శాపనార్థంలా వినిపిస్తుందేమోనని భయం వేసింది. అయినా అడిగాను.

"శ్రావ్యా, చచ్చిపోవాలనిపిస్తోందా?"

పైన మా ఇంట్లో వాషింగ్ మెషిన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మీకెవరు చెప్పారక్కా?" అంది.

"ఎవరూ చెప్పలేదు. నేనే అడుగుతున్నాను."

ఆ అమ్మాయి దుప్పటి దగ్గరికి లాక్కుని, మంచం మీద కొంచెం పక్కకు జరిగింది. నేను వెళ్లి ఆ ఖాళీలో కూర్చున్నాను.