లేబుల్ మీద పూర్తి పేరు

ఒమాన్‌లోని బౌషర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల పనికి చేరిన కొత్తలో, ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వేశాను. మరునాడు పొద్దున డ్యూటీకి వచ్చేసరికి రక్తం తీసే గదిలో పనిచేసే నర్సక్క నా టేబుల్ దగ్గర నిలబడి ఉంది. కాకినాడ వైపు మనిషి, నాకన్నా చాలా ముందు ఈ దేశం వచ్చింది. లేబుళ్లు అంటించిన రెండు రక్తం ట్యూబులు నా ముందు పెట్టింది.

"చూడమ్మా, ఇద్దరు పేషెంట్లకీ ఒకటే పేరు పడుతుంది. తండ్రి పేరు, తాత పేరు ఏవీ రావట్లేదు. నిన్నటి దాకా బానే వచ్చేవి కదా."

ఒమానీల మొదటి పేరు ఒక్కటే చూస్తే ఒకే పూటలో అదే పేరుతో నలుగురైదుగురు తగులుతారు. ఆ సాఫ్ట్‌వేర్ వేరే దేశంలో ఎవరో రాసి అందరికీ ఉచితంగా ఇచ్చినది. నాకు ముందు ఈ సీట్లో ఉన్న అతను దాన్ని ఆసుపత్రికి తగ్గట్టు మార్చి, ఏం మార్చాడో ఎవరికీ చెప్పకుండానే వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. కొత్త వెర్షన్ ఆ మార్పులన్నిటినీ తుడిచేసింది.

వెంటనే పాతదే మళ్లీ పెట్టాను. మా మేనేజర్ ఒమానీ, నెమ్మదస్తుడు. "పాతది నడుస్తోంది కదా. ఖలాస్, ఇక దాన్ని ముట్టుకోకు," అన్నాడు హిందీలో.

"పాతదాంట్లో భద్రతా లోపాలున్నాయి సార్. మన మార్పులు పోకుండా కొత్తది తెస్తాను. రంజాన్ దాకా టైం ఇవ్వండి," అన్నాను. ఆయన సరేనన్నాడు.

కోడ్‌లో ఏ వరుసను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో గుర్తుపెట్టుకునే వెర్షన్ కంట్రోల్‌లో పని మొదలుపెట్టాను. తయారీదారులు ఇచ్చిన పాత వెర్షన్‌ను ఉన్నదున్నట్టు ఒక బ్రాంచ్‌లో, అంటే విడి కాపీగా, ఉంచాను. మా సర్వర్‌లో నడుస్తున్నదాన్ని మరో బ్రాంచ్‌లో పెట్టాను. రెండింటికీ తేడా అడిగితే, వెళ్లిపోయిన మనిషి చేసిన పనంతా తెర మీదికి వచ్చింది. ఒక్కో మార్పునూ విడదీసి, అది ఎందుకో రాస్తూ పోయాను.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. లేబుల్ అచ్చయ్యే ముందు సాఫ్ట్‌వేర్ ఆగి పుట్టిన తేదీ అడుగుతోంది. తీసేద్దామనుకుని, ముందు నర్సక్కను అడిగాను. నాది నిజామాబాద్ యాస.

"అక్కా, గిది ఎందుకు పెట్టిండ్రు?"

"నేనే పెట్టించానమ్మా. పేరు పిలిస్తే ఒకాయనకి బదులు ఇంకొకాయన లేచొచ్చేవాడు. తీసేత్తావా ఏంటి?"

"తియ్యనక్కా. ఎందుకున్నదో రాసి పెడత."

కొత్త వెర్షన్‌కి మా మార్పులు కలపబోతే లేబుల్ ఫైలు దగ్గర రెండూ ఢీకొన్నాయి. ఆ భాగాన్ని తయారీదారులు మొత్తం తిరగరాశారు. నేను ఎలా కలిపినా, పేర్లలో కలిసి ఉండాల్సిన అరబిక్ అక్షరాలు విడివిడిగా, తిరగబడి వచ్చేవి. సెలవు రోజున కూడా టెస్ట్ మెషిన్ ముందే కూర్చున్నాను. చివరికి పాత మార్పును వదిలేసి, వాళ్ల కొత్త పద్ధతిలోనే దాన్ని మళ్లీ రాశాను.

రంజాన్‌కి ముందే కొత్త వెర్షన్ వేశాం. నర్సక్క మొదటి లేబుల్ తీసి, తాత పేరు దాకా వేలు పెట్టి చదివి, ట్యూబుకు అంటించి, తర్వాతి పేషెంటును పిలిచింది.

ఆ లేబుల్ మార్పును అసలు తయారీదారులకూ పంపాను. మీ ప్రాంతానికే పనికొచ్చేది, తీసుకోలేమని మర్యాదగా జవాబిచ్చారు. అయితే మేమే మోసుకుంటాం అనుకున్నాను. ఇప్పుడు ఏ వెర్షన్ వచ్చినా ముందు పక్కన పెట్టి, మా మార్పులు ఒక్కొక్కటే దాని మీదికి ఎక్కించి, నర్సక్క చూశాకే సర్వర్ మీదికి పంపుతున్నాను. మొన్న వచ్చినది మళ్లీ లేబుల్ ఫైలు దగ్గరే ఢీకొంది. దాని పనిలోనే ఉన్నాను.