పొద్దెక్కాక రాలే పువ్వు

"ఎలుగుబంటి వస్తే ఎవరికి చెప్తారు?" అని మేడం అడిగిన ప్రశ్నను నేనింకా మా మాటలోకి మార్చనేలేదు, అమ్మ అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది.

"ఎవరికి చెప్తం? దానికే చెప్తం. పువ్వు తిని నీ కడుపు నిండింది గదా, ఇగ పో తల్లీ అంటం."

ఇదెలా చెప్పాలా అని నేను తడుముకుంటుంటే మేడమే నవ్వేసింది. ఆ మాత్రం ఆమెకూ అర్థమైంది. నవ్వుతూనే ఫోనులో ఏదో టకటకా కొట్టుకుంది. ఆగలేక తొంగి చూశాను. నిజంగానే ఎలుగుబంటి గురించే! నాకు భలే వింతగా అనిపించింది. ఎక్కడో పెద్ద ఊళ్ళో బిస్కెట్లు చేసుకునే కంపెనీకి మా ఎలుగుబంటితో ఏం పని?

ఆ ఉదయం మేం ముగ్గురం మా ఇప్పచెట్టు కింద నిలబడి ఉన్నాం. మా ఊరు ఆవపల్లి నుంచి ఇంకా లోపలికి. జీపు సగం దాకానే వస్తుంది, ఆ తర్వాత నడకే. మేడం ముందు రోజు దంతెవాడ మీదుగా వచ్చి, ఆవపల్లిలో పడుకుని, తెల్లారగానే నడుచుకుంటూ వచ్చింది. బూట్ల నిండా ఎర్రమట్టి. మా ఊరి ఆడవాళ్ళ సంఘం ఏరే ఇప్పపువ్వును కొంటున్న కంపెనీ ఆమెను పంపింది. పువ్వు మేం ఎలా ఏరుతున్నామో చూడాలట. అడవికి నిప్పు పెడుతున్నామా, పిల్లల్ని బడి మాన్పించి తెస్తున్నామా, తాగడానికి నీళ్ళు దగ్గర్లో ఉన్నాయా, అన్నీ అడుగుతుందట. అమ్మ సంఘానికి పెద్ద. వారం నుంచీ ఆమెకు ఒకటే బెంగ. జాంచ్ అని తనిఖీ చేసి తప్పు పట్టుకుంటారు, పట్టుకుంటే మా పువ్వు మానేసి ఇంకో ఊరికి పోతారు అని.

నా పని మధ్యలో నిలబడటం. మేడంకు తెలుగు రాదని కాదు. ఆమె బచేలిలో పుట్టి పెరిగింది, వాళ్ళ నాన్న గనిలో పనికని కోస్తా నుంచి వచ్చిన మనిషి. కానీ ఆమె తెలుగు ఒక దారి, మా దోర్లీ మాట కలిసిన తెలుగు ఇంకో దారి. నేను ఆశ్రమ పాఠశాలలో ఎనిమిది దాకా చదివాను, భద్రాచలం వైపు మిరప తోటల్లో కూలి చేశాను, సంతలో హిందీ నేర్చుకున్నాను. పైగా నాకు మాట్లాడటమంటే ఇష్టం. ఊళ్ళో ఎవరొచ్చినా నన్నే ముందుకు తోస్తారు.

"ఈ వల ఎప్పుడు కడతారు, ఎప్పుడు విప్పుతారు?" అని అడిగింది మేడం.

ఆ వల సంగతి చెప్పాలి. ఇప్పచెట్టు ముందు ఆకు రాలుస్తుంది, తర్వాత పువ్వు రాలుస్తుంది. ఎండుటాకుల్లో పువ్వు కనబడదు. అందుకని ప్రతి ఏడూ చెట్టు కింద ఆకుకు నిప్పంటించి నేల శుభ్రం చేసుకునేవాళ్ళం. ఒక్కోసారి ఆ నిప్పు చెట్టు కిందే ఆగేది కాదు. అడవిలోకి పాకేది. ఈ ఏడు కంపెనీ వాళ్ళు నిప్పు వద్దని చెప్పి, చెట్టుకొకటి చొప్పున పచ్చ వలలు ఇచ్చారు. నాలుగు గుంజలు పాతి నడుమెత్తున కట్టాలి. తెల్లవారుజామున పువ్వు వలలో పడుతుంది, మట్టి అంటదు. వల కట్టడం నేర్పడానికొచ్చినాయన వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు. పువ్వు నేలకు తగలకూడదు అన్నాడు.

అంతే. మా ఊళ్ళో ఆ మాట మొక్కులాగా పట్టుకున్నారు. దేవతకు పెట్టే మొదటి పువ్వును, మొదటి పండును మేం నేల మీద పెట్టం, ఆకులో పట్టుకుంటాం. కంపెనీ పువ్వూ అలాంటిదే అనుకున్నారందరూ. మొదటి పువ్వు రాలిన రోజు కట్టిన వల మళ్ళీ విప్పలేదు. అంచు దాటి ఒకటీ అరా కింద పడితే అమ్మ నాలుక కరుచుకునేది.

"విప్పమండీ. అట్లనే ఉంటది," అని చెప్పాను. మేడం తల ఊపింది.

అంతలో మా ఇంటి వెనక ఇంటి అవ్వ వచ్చింది. నడుం మీద గంప, చేతిలో కర్ర. కొంచెం దూరంలో ఆగి నిలబడింది. ఆమెకు ఎవరూ లేరు. ఒకప్పుడు ఇప్పచెట్టు ఒకటి ఉండేది, అది గాలివానకు పడిపోయింది. మాలో ప్రతి చెట్టుకూ ఒక ఇల్లుంటుంది, తాతల నాటి నుంచీ. ఒకరి చెట్టు కింద ఇంకొకరు వంగరు. అవ్వ కొత్త మనిషిని చూడ్డానికి వచ్చిందనుకున్నాను.

"మామ్మగారూ, రండి, ఇలా కూర్చోండి," అంది మేడం.

అవ్వ వెనక్కి తిరిగి చూసింది. "ఎవల్ని పిలుస్తుంది?"

"నిన్నే అవ్వా."

"నన్నా? గారు అంటుంది నన్ను! మా ముసలోడు వింటే సచ్చినోడు లేచి కూసుంటడు."

మేడం సంచిలోంచి ఒక ప్యాకెట్ తీసింది. మా పువ్వుతో చేసిన బిస్కెట్లే అంది. మేమెవరం అప్పటిదాకా చూడలేదు. తలా ఒకటి తీసుకున్నాం. నేను ముందు వాసన చూశాను, తర్వాత అంచు కొరికాను. తియ్యగా, ఇటు బెల్లమూ కాకుండా అటు పువ్వూ కాకుండా ఉంది. అవ్వ ఉన్న నాలుగు పళ్ళతో చాలాసేపు నమిలింది.

"మా పువ్వు యాడుంది ఇండ్ల? చక్కెరే ఉంది. సారా కాస్తే తెలుస్తుండె, పువ్వంటే ఏందో."

"అవ్వా!" అమ్మ కళ్ళురిమింది. "ఆమె జాంచ్‌కొచ్చింది."

"వస్తే? నేను బిస్కెట్ జాంచ్ చేస్తున్న."

ఇదంతా నేను మేడంకు చెప్పలేదు. బాగుందంటోంది అన్నాను. మేడం నా ముఖం చూసి పెదవి బిగించి నవ్వింది. ఆమెకు అర్థమైందనే అనుమానం నాకు.

తర్వాత అడిగింది అసలు ప్రశ్న. "ఈ వలలు వచ్చాక, మేం పువ్వు కొనడం మొదలుపెట్టాక, ఎవరికైనా నష్టం జరిగిందా?"

"లేదు లేదు," అంది అమ్మ, నేను పూర్తిగా చెప్పకముందే.

"వల మంచిగుంది బిడ్డా," అంది అవ్వ కూడా.

మా దగ్గర అంతే. ఇంటికొచ్చిన మనిషి ముందు లోటు చెప్పుకుంటే ఆ మనిషినే తప్పుపట్టినట్టు. నర్సమ్మ వచ్చినా, ఫారెస్టు గార్డు వచ్చినా, ఎవరొచ్చి అడిగినా మా ఊళ్ళో అంతా బాగానే ఉంటుంది. వాళ్ళు రాసుకుని వెళ్ళిపోతారు. మేడం వెళ్ళలేదు. అవ్వ గంప వైపు చూసింది.

"మరి గంప ఎందుకు తెచ్చారు మామ్మగారూ?"

"ఊకెనే. అలవాటు."

"అవ్వది పొద్దెక్కిన పువ్వు కదండీ," అన్నాను నేను, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు.

"అంటే?"

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. తెల్లవారకముందు నుంచి రాలే పువ్వంతా చెట్టున్న ఇంటివాళ్ళది. పొద్దు కొండ మీదికెక్కాక వాళ్ళు గంప ఎత్తుకుని పోతారు. ఆ తర్వాత రాలేది చెట్టు లేనివాళ్ళది. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరూ ఇచ్చేదేం ఉండదు. అవ్వ దాన్ని ఎండబెట్టుకుంటుంది. కొంత ఉడకేసుకుని తింటుంది, కొంత సంతలో ఉప్పుకూ నూనెకూ ఇస్తుంది. ఎండాకాలమంతా, వానలు మొదలయ్యేదాకా, అదే ఆమె బతుకు.

"మరి ఇప్పుడా పువ్వు ఎక్కడ పడుతోంది?"

ఆ ప్రశ్న నేను అమ్మకు చెప్పలేదు. అవసరం రాలేదు. మేం నలుగురం వల వైపే చూస్తున్నాం. పొద్దు ఎప్పుడో కొండెక్కింది. మేం పొద్దున ఖాళీ చేసిన వలలో మళ్ళీ పువ్వు పరుచుకుని ఉంది, తెల్లగా, బొద్దుగా. వల కింద, చుట్టూ, ఈ ఏడు నిప్పు పెట్టని ఎండుటాకు మడమ లోతున ఉంది. అంచు దాటి పడిన ఒకటీ అరా కూడా ఆ ఆకుల్లోకి పోయింది. అవ్వ కళ్ళకు అది దొరకదు. అవ్వ రోజూ వచ్చి ఎందుకు నిలబడి పోతోందో, ఖాళీ గంపతో ఎందుకు తిరిగెళ్తోందో అప్పుడు అర్థమైంది నాకు.

"నేలకు తగలొద్దన్నరు గదా!" అమ్మ గొంతు పెంచింది. "మేం సొంతంగా చేసిందా ఇది? మీ సారే చెప్పిండు."

"కంపెనీ కొనే పువ్వు నేలకు తగలొద్దన్నారమ్మా," అంది మేడం మెల్లగా. "చెట్టుకున్న పువ్వంతా కంపెనీదే అనలేదు కదా?"

అమ్మ వల అంచు చేత్తో పట్టుకుంది. పట్టుకునే అడిగింది. "మేం వల విప్పితే మా పువ్వు తగ్గుతది. తగ్గితే మమ్మల్ని వదిలేసి పోరా?"

"తెలీదమ్మా. అబద్ధం చెప్పను. జరిగింది రాసి పంపిస్తాను. వాళ్ళేమంటారో నా చేతిలో లేదు."

ఈ మాట నేను అమ్మకు చెబుతుంటే అవ్వ కూడా విన్నది. కర్ర నేలకేసి కొట్టింది.

"ఏం రాస్తది నా గురించి? ముసల్ది తిండి లేక ఏడుస్తుందని రాస్తదా? నేనేమన్న అడిగిన్నా?"

"పేరు రాయను మామ్మగారూ..."

"పేరు రాస్తే ఏంది, రాయకుంటే ఏంది! నేను మంచిగనే ఉన్నా."

అమ్మకు సిగ్గేసినట్టుంది. గబగబా వలలోంచి దోసిళ్ళతో పువ్వు తీసి అవ్వ గంపలో పోసింది. అవ్వ గంపను రెండు చేతులతో ఎత్తి, ఆ పువ్వును మళ్ళీ వలలోకే వంచేసింది. ఒక్క పువ్వు గంప అడుగున అతుక్కుంటే దాన్ని కూడా వేలితో తోసింది.

"నీ పువ్వు నాకెందుకే కోడలా? పెడితే తినేదాన్ని కాదు, ఏరుకొని తినేదాన్ని."

అని వెళ్ళిపోయింది. కర్ర చప్పుడు చాలా దూరం వినిపించింది.

మేడంను జీపు దాకా దిగబెట్టడానికి నేనే వెళ్ళాను. దారంతా నేనే ప్రశ్నలు వేశాను, అప్పటిదాకా ఆమె వేసినవన్నీ తిప్పికొడుతున్నట్టు. ఆ బిస్కెట్లు ఎవరు తింటారు? వాళ్ళకు మా ఊరు తెలుసా? ప్యాకెట్ మీద గంప పట్టుకుని నవ్వుతున్న ఆమె ఎవరు?

"ఎవరూ కాదు. బొమ్మే," అంది మేడం.

"మరి ఎవరికన్న నష్టమా అని అడగమని మీకెవరు చెప్పిన్రు?"

"షాపులో ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నవాళ్ళు అడుగుతున్నారట. కంపెనీ వాళ్ళు నన్నడుగుతారు. నేను మిమ్మల్ని అడుగుతాను." కాస్త దూరం నడిచాక తనే అంది. "చిన్నప్పుడు బచేలిలో మా క్వార్టర్ కిటికీలోంచి కొండ కనబడేది. రాత్రిళ్ళు కొండ మీది గని లైట్లు చూస్తూ అన్నం తినేదాన్ని. కొండకు అటు పక్క ఎవరుంటారో ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు చూడు, అడగడమే నా ఉద్యోగం."

ఆమె జీపెక్కాక నాకు ఇంకా సవాలక్ష ప్రశ్నలు గుర్తొచ్చాయి. షాపులో అడిగిన ఆ మనిషి ఎలా ఉంటుంది? ఆమె ఇంటి దగ్గర కూడా ఒక అవ్వ ఉంటుందా?

సాయంత్రం అమ్మ వాకిట్లో పువ్వు ఎండబెట్టిన తట్టలు లోపలికి సర్దుతూ తనలో తనే గొణుక్కుంది.

"ఆమె అడిగి పోయింది. మంట నా కడుపుల పెట్టి పోయింది."

"వల విప్పితే ఏమైతదే అమ్మా, పొద్దెక్కినాక?"

"కంపెనీ వల. సంఘం పెద్దను నేను. నేనైతే ముట్టను." తట్ట దించి, నా వైపు చూడకుండా అంది. "నేను ఇంటికొచ్చినాక అక్కడ ఎవరేం చేస్తరో నాకేం ఎరుక?"

మర్నాడు చీకటితోనే ఇద్దరం వెళ్ళి వలలో పువ్వు ఎత్తుకున్నాం. పొద్దు కొండెక్కగానే అమ్మ గంప నెత్తిన పెట్టుకుని వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది. ఆమె మలుపు తిరిగాక నేను గుంజలకున్న ముళ్ళన్నీ విప్పి వలను చాపలా చుట్టాను. ఆకుల రెమ్మ ఒకటి విరిచి, చెట్టు మొదలు నుంచి చుట్టూరా ఎండుటాకంతా ఊడ్చి దూరంగా కుప్ప చేశాను. ఊడుస్తుంటే నెత్తి మీదా వీపు మీదా పువ్వు రాలుతూనే ఉంది. కింద పడినవి ఒక్కటీ ముట్టలేదు. చుట్టిన వల భుజానికెత్తుకుని, అవ్వ వచ్చే దారిన కాకుండా, పొలం గట్ల మీదుగా చుట్టు తిరిగి ఇంటికి పోయాను.