ఈ ఓడ యాడికి పోతాది?

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. నంద్యాలలో నా ట్రావెల్స్ ఆఫీసుకు వచ్చేవాళ్ళు కాశీ, శ్రీశైలం వదిలిపెట్టి క్రూజ్ మీద పడ్డారు. క్రూజ్ అంటే జనాన్ని సముద్రంలో షికారు తిప్పే ఓడ. దాని బొమ్మ ఒకటి గోడకు అంటించి, వచ్చినవాళ్ళందరికీ ఊదరగొట్టేవాణ్ణి. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. నా నోరే నా దుకాణం.

ఒక పొద్దున ఆళ్ళగడ్డ నుంచి వీరాచారి అనే ముసలి శిల్పి కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు. గోడకు ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి ఆ బొమ్మను చూశాడు.

“ఓడలో పెనాంగ్ పోవల్లప్పా. బేగా పోవల్ల. కండ్లు మసకబారతాండాయి. శానా దినాలు ఆగవని డాక్టరు చెప్పేసినాడు.”

సంగతి కూతురు చెప్పింది. పడుచు వయసులో ఆయన మలేసియాలో ఉన్న పెనాంగ్‌లోని తెలుగువాళ్ళ గుడికి అమ్మవారిని చెక్కాడు. విగ్రహానికి కళ్ళు ముందే తెరవరు. గుడిలో నిలబెట్టాక, చెక్కిన చెయ్యే ఆ చివరి ఉలిదెబ్బ వెయ్యాలి. అందుకని విగ్రహంతో పాటు ఆయనా మద్రాసులో ఓడెక్కాడు. ఆ తర్వాత మళ్ళీ పోలేదు. చూపు పోయేలోగా ఆ అమ్మను ఒక్కసారి చూడాలి, అదీ పాత దారినే.

నేను హుషారుగా ఇటినరరీ అందుకున్నాను. ఏ రోజు ఎక్కడుంటామో, ఏముంటుందో చెప్పే కాగితం అది. ఈతకొలను, సినిమా హాలు, బాల్కనీ గది, అన్నీ చదివాను.

“అదంతా సరేప్పా. ఈ ఓడ యాడికి పోతాది?”

“సముద్రంలో తిరిగి మళ్ళీ చెన్నైకే వస్తాది పెద్దాయనా.”

“ఎవుర్నీ యాడా దించదా?”

“దించదు.”

“మరి పోయేదెందుకు? అదేమన్నా గానుగెద్దా?”

నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆయన ఎక్కింది లైనర్. ఒక రేవులో ఎక్కించుకుని ఇంకో రేవులో దించడమే లైనర్ పని. విమానాలొచ్చి ఆ పని ఊడ్చేశాయి. అయినా చెన్నైకి ఫోన్లు చేశాను. పెనాంగ్‌కు జనాన్ని తీసుకుపోయే ఓడే లేదన్నారు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి చెప్పాను.

“నేనెక్కిన ఓడలో కొలను ల్యాదు, మంచం ల్యాదు,” అన్నాడాయన. “డెక్కు మీద చాపేసుకుని పండుకుంటాంటిమి. సంగటి ల్యాక నోరు చచ్చిపాయ. అయినా పొద్దన్నే ఓడ అడుక్కి దిగి, ఆయమ్మ పెట్టె మీద చెయ్యేసి మాట్లాడొస్తాంటి. నా చేతిలో పుట్టిన బిడ్డ గదా, ఇంకా కండ్లు తెరవల్య, చీకట్లో బెదురుకుంటాదేమోనని. రేవు కనపడినప్పుడు నాకు ఏడుపొచ్చె.”

“నాయనా, నీకు ఓడ కావల్లనా, అమ్మ కావల్లనా?” అంది కూతురు.

గోడ మీది ఓడ బొమ్మను ఒకసారి చేత్తో తడిమి “అమ్మే” అన్నాడు. విమానం టికెట్లు తీశాను.

తిరిగొచ్చాక కుంకుమ తెచ్చిచ్చాడు.

“చూసినావా పెద్దాయనా?”

“చూసినా. నేను తెరిచిన కండ్లు అట్లే ఉండాయప్పా. కానీ విమానంలో ఇట్ల కూచుంటిమి, అట్ల దిగితిమి. ఆయమ్మకు ఏం చెప్పల్లనో తలుచుకునే లోపల్నే గుడి ముందర నిలబడితి. ఒక్క మాట రాల్య.”

క్రూజ్ టికెట్లు ఇప్పటికీ అమ్ముతాను. షికారు పోవడం తప్పేం కాదు. కాకపోతే ఎవరొచ్చినా బొమ్మలు చూపించే ముందు యాడికి పోవాలో, ఎందుకు పోవాలో అడుగుతాను. అది నాకు నేర్పింది వీరాచారే.

ఇప్పుడాయనకు చూపు పూర్తిగా పోయింది. మొన్న ఫోన్ చేశాడు.

“అప్పా, పెనాంగ్‌కు ఓడేమన్నా ఏసినారా?”

“ఇంకా లేదు పెద్దాయనా.”

“ఏస్తే చెప్పు. ఈసారి కండ్లతో పనిల్యాదు. ఆయమ్మతో మాట్లాడేది ఉండాది.”