నెవెన వాయించని మూడు నిమిషాలు

మా ఊరి కళాభవనం తాళాలు పందొమ్మిదేళ్ళుగా నా చేతిలోనే ఉన్నాయి. భవనమన్నది పేరుకే. ఒక హాలు, ఒక తెర, నూటపాతిక కుర్చీలు, మూలన తాతలనాటి పియానో. శనివారం సినిమా వేస్తాను, ఆదివారం జనం ఉమ్మేసిన పొద్దుతిరుగుడు గింజల తొక్కలు ఊడుస్తాను. ఈ ఊళ్ళో సినిమా గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఒకప్పుడు తెగ విర్రవీగేదాన్ని. బస్సు నడిపే విటోమిర్ కూతురు నెవెన వచ్చి ఆ పొగరు కాస్తా దించింది.

అప్పటికి దానికి పద్నాలుగేళ్ళు. ఒక శనివారం సినిమా సగంలో ఉండగా స్పీకర్లు కాలిపోయాయి. తెర మీద దొంగలూ పోలీసులూ నోళ్ళు ఆడిస్తున్నారు గానీ మాట లేదు, మోత లేదు. కింద ఒకటే ఈలలు. "దెసాంకా, నిద్రపోయావా?" అని ఒకడు, "మూగ సినిమా వేస్తానని ముందే చెప్పొచ్చుగా!" అని ఇంకొకడు. నేను పైన యంత్రం గదిలో ఏ తీగ పట్టుకోవాలో తెలియక చెమటలు కక్కుతున్నాను. ఇంతలో కింద పియానో మోగింది. దొంగ మెట్లెక్కుతుంటే నెవెన ఎడమచేత్తో మెల్లగా ఒక్కో మెట్టూ కడుతోంది. లావుపాటి ఇన్స్పెక్టరు తెర మీదికి రాగానే మా వీధి మాంసం కొట్టువాడు ఎప్పుడూ ఈలవేసే కూనిరాగం అందుకుంది. హాలంతా విరగబడి నవ్వింది. మాంసం కొట్టువాడైతే లేచి నిలబడి వంగి దండం పెట్టాడు. చివర్లో దొంగ తల్లి ఒక్కతే వాకిట్లో నిలబడినప్పుడు ఆ పిల్ల రెండే రెండు మీటలు నొక్కి ఊరుకుంది. నా పక్కనున్న తలుపుకి ఆనుకుని నేను ఏడ్చాను. ఆ సినిమా నేను అప్పటికి ఆరుసార్లు చూశాను, ఎప్పుడూ ఏడవలేదు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు పియానో దానిదే. వద్దంటే వినే రకం కాదు. "అత్తా, సౌండు తీసేసి ఏదైనా వెయ్యవా" అని చెవిలో జోరీగలా పోరు పెట్టేది. పెళ్ళి బ్యాండువాళ్ళు వదిలించుకున్న ఎలక్ట్రిక్ కీబోర్డు ఒకటి విటోమిర్ ఎక్కడో సంపాదించి ఇంటికి తెచ్చాడు. అందులో మూడు మీటలు పలకవు, చెవికి పెట్టుకునే హెడ్‌ఫోను తగిలించే కన్నం ఎప్పుడో చచ్చింది. కాబట్టి నెవెన ఇంట్లో వాయిస్తే వీధంతా విని తీరాల్సిందే. శనివారాలు పొద్దున్నే డ్రైవరు సీటు వెనక కూర్చోబెట్టుకుని కూతుర్ని నిష్ పట్నం తీసుకెళ్ళేవాడు. అక్కడొక ముసలి మేష్టారు ఏమీ పుచ్చుకోకుండానే చెప్పేవాడు. "మా అమ్మాయి సంగీతం కట్టిన సినిమా వచ్చేదాకా నేను ఈ బస్సు దిగను" అనేవాడు విటోమిర్, టికెట్టు చింపి ఇస్తూ, ఎక్కిన ప్రతివాడితోనూ.

ఈ ఏడాది దానికి పద్ధెనిమిది నిండాయి, బడి అయిపోయింది. బెల్‌గ్రేడ్‌లో సినిమా సంగీతం నేర్పే చోట ఉచితంగా చదివించే సీటు ఒక్కటంటే ఒక్కటి ఉంది. అదీ ఈ ఏడే బడి ముగించినవాళ్ళకి మాత్రమే. వాళ్ళు మూడు నిమిషాల మూగ దృశ్యం ఒకటి పంపారు. దానికి సంగీతం కట్టి, వాయించి, రికార్డు చేసి జూన్ ఇరవై సాయంత్రం అయిదు లోపల పంపాలి. దృశ్యంలో ఏముందనుకున్నారు? ఒకావిడ డాబా మీద బట్టలు ఆరేస్తుంది, లోపలికెళ్ళి వస్తుంది, తీగ మీద ఒక చొక్కా ఉండదు. ఆ ఖాళీ వైపు చూస్తూ నిలబడుతుంది. అంతే.

"ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో మొహం చూస్తే తెలీదత్తా. అది సంగీతమే చెప్పాలి. అదే పరీక్ష" అంది నెవెన.

"మరి నవ్విస్తావా, ఏడిపిస్తావా?"

"ముందు నవ్విస్తా. తర్వాత చూడు నీ సంగతి!"

మే పద్ధెనిమిదిన విటోమిర్ బస్సుని స్టాండులో ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, స్టీరింగు మీద తల వాల్చాడు. అలిసిపోయి కునుకు తీస్తున్నాడనుకుని జనం చప్పుడు చెయ్యకుండా దిగి వెళ్ళిపోయారట. మంచి మనిషి.

చావు జరిగిన ఇంట్లో నలభై రోజులు పాట వినబడకూడదు. ఇది మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. పక్కింటివాళ్ళు కూడా రేడియో గొంతు తగ్గించుకుంటారు. విటోమిర్ భార్య స్లావిత్స అద్దం మీద ఒక గుడ్డ కప్పింది, కీబోర్డు మీద ఇంకో గుడ్డ కప్పింది. పైగా ఆ ఇంట్లో ఉన్నది ఎవరు? విటోమిర్ తల్లి పెర్సిదమ్మ! మొగుడు పోయి ఇరవై రెండేళ్ళయినా ఒంటి మీద నల్లబట్ట తియ్యని మనిషి. అప్పట్లో మూడేళ్ళపాటు ఇంట్లోకి రేడియో రానివ్వలేదు. అలాంటిది, ఇప్పుడు పోయింది కన్నకొడుకు. ఊరు ఊరంతా ఆవిడ మొహం చూడటానికే భయపడింది.

నలభయ్యో రోజు జూన్ ఇరవై ఆరు. గడువు జూన్ ఇరవై. వేళ్ళ మీద రెండు మూడుసార్లు లెక్కేసుకుని చూశాను, అదే తేలింది. కానీ చూడండి, నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇదంతా చెప్పడం లేదు.

పదో రోజు మధ్యాహ్నం నెవెన నల్లగౌనులో హాలు దగ్గరికి వచ్చింది. నేను మెట్లు కడుగుతున్నాను.

"అత్తా, ఒక్క గంట తాళం తియ్యవా. కిటికీలన్నీ మూసుకుంటా. మెత్తగా వాయిస్తా."

"ఆ తలుపు మీద ఏముందో చూశావా?" అన్నాను.

ఊళ్ళో ప్రతి తలుపుకీ, ప్రతి కరెంటు స్తంభానికీ అంటించినట్టే మా హాలు తలుపుకీ విటోమిర్ చావు కాగితం అంటించి ఉంది. నల్ల అంచు, ఫోటో, పేరు, తారీకు.

"చూశా. నాన్న. నాన్నైతే ఈపాటికి తీసేవాడు తలుపు."

"పైన తండ్రి చావు కాగితం, లోపల కూతురు పియానో! చర్చి దాకా వినబడుతుందే. నలుగురూ ఏమనుకుంటారు? మీ నానమ్మ చెవిన పడితే?"

నెవెన గోడకి ఆనుకుంది. తర్వాత, "పోనీ నానమ్మనే అడిగి చూడనా?" అంది.

ఇదిగో, ఇక్కడ నా నాలుక తెగిపడినా బాగుండేది.

"అడుగుతావా! కడుపుకోతతో ఉన్న ముసలిదాన్ని పట్టుకుని పియానో వాయించుకోనా అని అడుగుతావా? బుద్ధుందా నీకు? ఆ మాట నోట్లోంచి రానిచ్చావంటే ఈ గుమ్మం తొక్కొద్దు."

నెవెన నీళ్ళ బకెట్టు పక్కనుంచి జాగ్రత్తగా అడుగేసి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే కాఫీ పొడీ చక్కెరా పట్టుకుని పలకరించడానికి వాళ్ళింటికి వెళ్ళాను. నెవెన బల్ల దగ్గర కూర్చుని ఉంది, వేళ్ళు బల్ల అంచు మీద ఆడుతున్నాయి. స్లావిత్స కాఫీ పోస్తూనే దాని చేతి మీద ఒక్కటేసింది.

"వేళ్ళు కూడా ఆపు. చూస్తోంది."

చూస్తున్నది పెర్సిదమ్మ. కిటికీ పక్క కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఉలుకూ పలుకూ లేకుండా. ఆవిడ కళ్ళు కీబోర్డు మీద కప్పిన గుడ్డ మీదే ఉన్నాయి. కాపలా కాస్తోందనుకున్నాను.

నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ స్లావిత్స గొంతు తగ్గించి, "నాకు మాత్రం ఇష్టమా దెసాంకా? దాని గదిలోకి వెళ్తే నోట్సు రాసిన కాగితాలు పరుపు కింద దొరుకుతున్నాయి. కానీ అత్తయ్య గుండె ఆగిపోతే ఎవరు జవాబు చెప్తారు?" అంది. "ఎలాగూ జూలై నుంచి దాన్ని కరెంటు తీగల ఫ్యాక్టరీలో తీసుకుంటామన్నారు. పేరిచ్చేశాను. ఇంట్లో ఒక్క సంపాదనైనా ఉండాలి కదా."

"మంచి పని చేశావు" అన్నాను నేను. నిజంగానే అన్నాను.

ఇరవై రోజులు దాటాక నెవెన ఇంకో దారి వెతికింది. కాగితాలు సంచీలో పెట్టుకుని నిష్ బస్సెక్కింది. మేష్టారింట్లో వాయించి రికార్డు చేసుకుని మధ్యాహ్నం బస్సుకి వచ్చెయ్యాలని. పాపం, అది ఏ దారి మీద బస్సెక్కిందో చూడండి! తండ్రి పదిహేడేళ్ళు నడిపిన దారి. స్టీరింగు దగ్గర విటోమిర్ ప్రాణస్నేహితుడు మిలున్, అద్దం పైన కట్టింది విటోమిర్ కోసం నల్లరిబ్బను.

"ఎక్కడికమ్మా ఒక్కదానివే, ఇంకా నలభై కాలేదు?"

అబద్ధం చెప్పడం రాదు ఆ పిల్లకి. "సంగీతం మేష్టారింటికి, బాబాయ్" అంది.

మిలున్ మొదటి స్టాపులోనే బస్సు పక్కకి ఆపాడట. ఎదురుగా మా ఊరికి వస్తున్న బస్సుని చెయ్యెత్తి ఆపి, పిల్లని చెయ్యి పట్టుకుని అందులో ఎక్కించాడు. "నిన్నిలా వెళ్ళనిస్తే మీ నాన్న నా చెంప పగలగొట్టేవాడమ్మా. నువ్వు తలెత్తుకుని తిరగాలి" అన్నాడట. రెండు బస్సుల్లో జనమూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. తల కొట్టేసినట్టయింది దానికి. ఆ సాయంత్రమే మిలున్ ఆ మాట నాకు చెప్పి, ఏదో ఘనకార్యం చేసినట్టు కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరండి మా ఊళ్ళో, అదే వచ్చిన చిక్కు.

జూన్ ఇరవై మధ్యాహ్నం నెవెన మళ్ళీ వచ్చింది. తాళం అడగలేదు. నా పక్కన మెట్టు మీద కూర్చుని ఫోనులో ఆ దృశ్యం పెట్టింది. డాబా మీద ఆవిడ, గాలికి ఊగే దుప్పట్లు. నెవెన చూపుడువేలు మోకాలి మీద మెల్లగా కొడుతోంది.

"ఇక్కడ ఆపేస్తానత్తా. చొక్కా లేదని ఆవిడ చూసినప్పుడు. నాలుగు క్షణాలు ఏమీ ఉండదు. ఆ తర్వాత ఒక్క మీట, పైనెక్కడో."

"కాగితం మీద రాసింది పంపితే తీసుకోరా?"

"వినబడాలట."

"వచ్చే ఏడు..."

"వచ్చే ఏడు నేను తీగలు చుడుతుంటా. ఆ సీటు కూడా ఈ ఏటి పిల్లలకేగా."

అయిదింటికి గడువు ముగిసింది. ఎదురుగా గడియారం ఉంది గనక ఇద్దరమూ చూశాం. అయిదు కాకముందే నేను లేచి తాళం తీసుండాల్సిందని వెయ్యిసార్లు అనుకున్నాను తర్వాత. ఆ రోజు మాత్రం కాఫీ పెట్టి ఇచ్చాను. తాగి, కప్పు కడిగి పెట్టి వెళ్ళింది.

నలభయ్యో రోజు పొద్దున్నే అందరం శ్మశానానికి వెళ్ళాం. తీపి గోధుమలు తలా ఒక చెంచా తిన్నాం, చనిపోయినవాడి కోసం మట్టి మీద ఒక చుక్క సారా పోశాం. పెర్సిదమ్మ సమాధి రాయి పట్టుకుని కొడుకుని పిలుస్తూ రాగం తీసి ఏడ్చింది. చావింట్లో చెల్లే పాట అదొక్కటే. ఆవిడకి ఊపిరి అందని చోటల్లా నెవెన ముందుకు వంగి వింటోంది.

ఏడుపు అయ్యాక ఆడవాళ్ళు గోధుమల పళ్ళేలు సర్దుతున్నారు. పెర్సిదమ్మ ముక్కు చీది, మనవరాలి చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను.

"ఏమే, బెల్‌గ్రేడ్‌కి పంపాల్సింది పంపావా?" అంది.

నెవెనకి అర్థం కాలేదు. "ఏంటి నానమ్మా?"

"అదేనే, నీ పాట. మీ నాన్న పోయే ముందు రోజు కూడా అదే గొడవ కదా వాడికి. బట్టలారేసే ఆవిడ ఎవర్తో. పంపావా లేదా?"

"లేదు. గడువైపోయింది."

"ఎందుకైపోనిచ్చావు? వాడు పోయాక నీకిక దాని మీద మనసు పోయిందనుకున్నాను. రోజూ ఆ కిటికీ దగ్గర కూర్చున్నాను, ఆ గుడ్డ ఎవరు తీస్తారా అని."

"నువ్వు..." నెవెన చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వు వాయించమని ఒక్క మాట అనకూడదా, నానమ్మా?"

"నేనా? కొడుకుని మట్టిలో పెట్టి వచ్చిన తల్లి నోటితో వాయించవే అని ఎలా అంటుందే? ఊరు మొహాన ఉమ్మెయ్యదూ! ఎవరైనా వచ్చి అడుగుతారని చూశాను. అడిగితే తలూపేదాన్ని. తలూపినందుకు ఎవరేమంటారు?" పెర్సిదమ్మ తలగుడ్డ కొసతో కళ్ళు ఒత్తుకుంది. "నన్ను ఒక్కరూ అడగలేదమ్మా."

నెవెన నానమ్మ వైపు చూడలేదు. నా వైపు చూసింది. భూమి చీలితే అందులోకి దిగిపోయేదాన్ని.

తర్వాత అది అక్కడే గడ్డిలో కూలబడి ఏడ్చింది. పెద్దగా, వెక్కివెక్కి, ఊపిరాడకుండా. పళ్ళేలు వదిలేసి ఆడవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. "హమ్మయ్య, ఏడ్చింది!" అంది ఒకావిడ. "నలభై రోజులుగా ఒక్క చుక్క రాల్చలేదు పిల్ల, ఏమైపోతుందోనని హడలిపోయాం. ఏడవనీండి. తండ్రి ఆత్మకి ఇప్పుడు శాంతి." స్లావిత్స కూతుర్ని గుండెకి పొదువుకుని, "నాన్న కోసం ఏడవమ్మా, ఏడు" అంటూ తనూ ఏడ్చింది. నేను వంగి వీపు నిమరబోతే నెవెన నా చెయ్యి విసిరికొట్టింది.

"దుఃఖంలో ఉంది, ఏమీ అనుకోకు దెసాంకా" అని వాళ్ళలో ఎవరో నన్నే ఓదార్చారు.